బ్యూక్ కారు వెళ్ళిపోయింది

తెలుగు సినిమాలో హాస్యగాడికి స్టార్ హోదా ముందుగా తెచ్చింది కస్తూరి శివరావు. ఆ ఎత్తు మీద నుంచి ముందుగా పడిందీ ఆయనే.

మూకీల రోజుల్లో బొమ్మ ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతలుండేవారు. శివరావు ఆ పనిలో రాటుదేలాడు. జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ ఆవలిస్తారో చీకట్లో నిలబడి చెవులతో నేర్చుకున్న చదువది. టాకీలొచ్చి ఆ పనికి కాలం చెల్లింది. సినిమా ఆయన నోటి దగ్గర కూడు లాక్కోవడం అదే మొదలు.

ఆ సినిమాలోకే వేషాల కోసం వెళ్ళాడు. ‘చూడామణి’ (1941) లాంటి వాటిలో చిన్న చిన్నవి దొరికాయి. 1948లో ‘బాలరాజు’లో యల్లమందగా కనిపించేసరికి జనం గుర్తుపట్టి పిలవసాగారు. మరుసటి ఏడాది వాహినీవారి ‘గుణసుందరి కథ’. షేక్స్‌పియర్ కింగ్ లియర్ కథను కె.వి.రెడ్డి మన జానపదంగా మార్చుకుని, ముచ్చటైన రాజకుమార్తె గుణసుందరికి భర్తగా, దైవాధీనం పాత్రలో, శివరావును నిలబెట్టాడు. అందగాడైన హీరో ఉండవలసిన చోట హాస్యగాడు! మరో హాస్యనటుడు రేలంగి ఆ సినిమాలో తోడల్లుడి వేషం వేశాడు. సినిమా విరగబడి ఆడింది. శివరావు బ్యూక్ కారు కొన్నాడు. ఆ కారు మద్రాసు వీధుల్లో వెళ్తుంటే జనం ఆగి చూసేవారట. ఆయన పేరెత్తితే పాతతరం వాళ్ళకు ఇప్పటికీ సినిమాకన్నా ముందు ఆ కారే గుర్తుకొస్తుంది.

1950లో సొంతంగా ‘పరమానందయ్య శిష్యులు’ తలపెట్టాడు. దర్శకుడూ తానే. తర్వాత పేరు తెచ్చుకున్న గిరిజ అందులో నాయిక. డబ్బు తిరిగి రాలేదు. నాకు తోచినంతవరకు పొరపాటు ఆ కథలో లేదు. ‘గుణసుందరి కథ’లో ఆయన చుట్టూ కె.వి.రెడ్డి లాంటి దర్శకుడున్నాడు, వాహినీ లాంటి సంస్థ ఉంది. ఇక్కడ, ‘చాలు, ఇక ఆపు’ అనగలిగిన మనిషి ఒక్కడూ లేడు. నష్టం వెంట తాగుడు వచ్చిందో, లేక తాగుడు వెంటే నష్టం వచ్చిందో. రెండూ కలిసి మనిషిని తినేశాయి. కారు పోయింది. వేషాలు చిన్నవయ్యాయి, తర్వాత అవీ సన్నగిల్లాయి.

ఆ ఖాళీలోకి రేలంగి వచ్చాడు. పరిశ్రమ కరుణ చూపదు గాని, కుర్చీ మాత్రం ఖాళీగా ఉంచదు. రేలంగి తన సంపాదనతో తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టించుకున్నాడు. మరో హాస్యనటుడు పద్మనాభం మాత్రం నిర్మాతగా మారి శివరావు దారినే పోయాడు. ఎదురుగా ఇంత ఉదాహరణ ఉన్నా ఆగలేదు. నవ్వించేవాడికి హీరోల పక్కన నిలబడి నిలబడి, ఒక్కసారైనా బొమ్మ మొత్తం తనదై ఉండాలనిపిస్తుంది కాబోలు. ఆ కోరికను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

1966లో శివరావు పేదరికంలోనే పోయాడు. ‘పరమానందయ్య శిష్యుల కథ’ పేరుతో అదే గాథను సి.పుల్లయ్య దర్శకత్వంలో ఎన్.టి.రామారావు హీరోగా మళ్ళీ తీసి విడుదల చేసిందీ ఆ ఏడాదే. శిష్యుల గుంపులో పద్మనాభం, అల్లు రామలింగయ్య ఉన్నారు. ఈసారి బొమ్మ ఆడింది.