నీతి సూచీలు, విశాఖ పరిశ్రమలు
నైతిక ప్రవర్తన, పర్యావరణ శ్రద్ధ చూసి కంపెనీలను ఎంచే సూచీ, అంటే ఎంపికైన షేర్ల ధరల గమనాన్ని ఒక్క అంకెలో చూపే కొలమానం, 1990లో అమెరికాలో డొమిని 400తో రూపుదిద్దుకొని, 1999లో డౌ జోన్స్ సుస్థిరత సూచీ తోడై, 2012లో బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి గ్రీనెక్స్‌గా భారతదేశంలోనూ వెలువడింది.

స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలకే ఈ తూకం వర్తిస్తుంది గనుక, విశాఖపట్నం పరిశ్రమల్లో, 1957లో కాల్టెక్స్ నెలకొల్పగా తరువాత నమోదిత సంస్థ హెచ్‌పీసీఎల్ చేతికొచ్చిన చమురుశుద్ధి కర్మాగారం దాని పరిధిలోకి రాగలదు గాని, పూర్తిగా కేంద్ర ప్రభుత్వ సొత్తయిన ఉక్కు కర్మాగారం రాదు. 2020 మే 7న స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్, దక్షిణ కొరియా సంస్థకు అనుబంధమే తప్ప, ఇక్కడి మార్కెట్లో నమోదైనది కాదు. నమోదు కాని కంపెనీలు సూచీల కొలతకు అందకపోవడమనే ఈ లోపం చిన్నదేమీ కాదు. 2021లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన బాధ్యతా నివేదిక సైతం మార్కెట్ విలువలో మొదటి 1,000 నమోదిత కంపెనీలకే తప్పనిసరి.