కోణంగి తొలియడుగు: తంజావూరు సీమ తెలుగువారి హాస్యకళయు సంఘస్వాస్థ్యమును

నాట్యము దుఃఖార్తులకును శ్రమార్తులకును శోకార్తులకును విశ్రాంతి నొసగునని భరతముని నాట్యశాస్త్రపు ప్రథమాధ్యాయముననే చెప్పియున్నాడు. వైద్యుడు దేహమునకు చేయు మేలు వేఱు. పదుగురు ఒకచోట గూర్చుండి ఒకే మాటకు నవ్వినపుడు సంఘమునకు గలుగు మేలు వేఱు. రెండవది మొదటిదానికి బదులు కాజాలదు. కాని రెండవది లోపించిన ఊరిలో వ్యాధి కుదిరినవాడు సైతము ఒంటరిగానే యుండును. పరభాషా ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న తెలుగువారు ఈ రెండవ మేలును ఎట్లు కాపాడుకొనిరో, నేడు దానిలో దేనిని పోగొట్టుకొనుచున్నారో, తంజావూరు సీమ చరిత్రను ఆధారముగా గొని విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

వలసలకు పూర్వమే తెలుగుదేశమున ఈ అలవాటు వేరూని యుండెను. వానలు కురియని యేట విరాటపర్వము చదివించుట మన పల్లెల వాడుక. చెఱువు లెండి, పైరులు మాడి, జనులు దిగులుతో నున్నవేళ చెవియొగ్గి విను ఆ కథలో ఉత్తరకుమారుడు గలడు. అంతఃపుర స్త్రీల యెదుట కౌరవసేనను గడ్డిపోచగా నెంచి, తీరా ఆ సేనను గన్నంతనే రథము దిగి పరువెత్తిన ఆ రాకుమారుని తలచి నవ్వని తెలుగువాడుండడు. ‘ఉత్తరకుమార ప్రగల్భములు’ అనుమాట నేటికిని మన నాలుకలపై నున్నది. వాన వచ్చినను రాకున్నను ఆ రాత్రి ఊరు నవ్వెడిది. ఒకరి మొగ మొకరు చూచుకొనెడిది. తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు చేయు పనియు నిట్టిదే. రామరావణుల కథ నడుమ వారు జొరబడి ఊరి ముచ్చట్లతో, తగవులతో జనులను నవ్వింతురు.

నవ్వుట మాత్రమే కాదు, నోరు విప్పి చెప్పరాని బాధను వేషము చెప్పిన సందర్భమును గలదు. సిద్ధవటము సీమలో సంబెట గురవరాజు పన్నులకై స్త్రీలను సైతము హింసించుచుండగా, కూచిపూడి భాగవతులు ఆ ఘోరమును వీరనరసింహరాయల యెదుట వేషము గట్టి ప్రదర్శించిరనియు, రాయలు సంగతి గ్రహించి వానిని దండించెననియు మాచుపల్లి కైఫీయతు చెప్పుచున్నది. ప్రజల మొర రాజునకు విన్నపముగా గాక ఆటగా చేరినది.

1565లో రాక్షసతంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట, కవులును గాయకులును నర్తకులును దక్షిణమున నాయకరాజుల ప్రాపు వెదకుకొనిరి. అట్టివారికి తంజావూరు పుట్టినిల్లు వంటిదయ్యెను. అచ్యుతప్ప నాయకుడు ఐదువందలకు పైబడిన కుటుంబములకు ఇండ్లను భూములను ఇచ్చి ఒక యూరు కట్టించెననియు, అదియే అచ్యుతపురమనియు ఉన్నతపురమనియు పేరొందిన నేటి మెలట్టూరనియు ఐతిహ్యము. విజయరాఘవ నాయకుని కొలువున యక్షగానము వర్ధిల్లినది. రంగాజమ్మ మన్నారుదాస విలాసమును రచించినది. పురుషోత్తమ దీక్షితుడు రాజు చేయు అన్నదానమునే ఇతివృత్తముగా గొని తంజాపురాన్నదాన నాటకమును వ్రాసినాడు. దేవతలకును రాజులకును మాత్రమే చోటుండు రంగస్థలమున పంక్తిభోజనము సైతము కథావస్తువగుట గమనింపదగినది. తమ దైనందిన జీవితమును తామే చూచి నవ్వగల సంఘము ఆరోగ్యముగా నున్న సంఘము.

1673లో మధుర చొక్కనాథ నాయకునితో పోరి విజయరాఘవుడు మడిసెను. ఆ పిమ్మట కొద్దికాలమునకే తంజావూరు మరాఠుల వశమయ్యెను. రాజుల యింటి భాష మారినను రంగస్థలపు భాష మారలేదు. 1684లో సింహాసన మెక్కిన శాహజీ స్వయముగా తెలుగున యక్షగానములు రచించెను. అందు సతీదానశూరము ప్రహసనప్రాయమైనది. శాస్త్రము లన్నియు చదివిన పండితుడు మన్నారుగుడి యుత్సవమున ఒక స్త్రీని జూచి మతి గోల్పోగా, శిష్యుడే గురువునకు బుద్ధి చెప్పవలసివచ్చును. మరాఠీ మాతృభాషగా గల రాజు, తమిళదేశమున, తెలుగు మాటలతో పండితుని నవ్వులపాలు చేసినాడు. సభవారు మూడు భాషలవారు గావచ్చును. నవ్వు మాత్రము ఒక్కటియే.

కొలువుకూటములు అంతరించినను ఈ కళ అంతరింపకుండుటకు కారణము అది పల్లెల కెక్కుటయే. మెలట్టూరు, శాలియమంగళము, ఊత్తుక్కాడు, శూలమంగళము, తేపెరుమానల్లూరు గ్రామములలో భాగవతమేళ నాటకములు దేవాలయపు కైంకర్యముగా నాటుకొన్నవి. త్యాగరాజస్వామికంటె వయసున పెద్దవాడని చెప్పబడు మెలట్టూరు వేంకటరామశాస్త్రి ప్రహ్లాద చరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర మున్నగు నాటకములను తెలుగున రచించి ఈ మేళమునకు జీవము పోసినాడు. ఆతడు జీవించిన కాలము సుఖకాలము గాదు. 1773లో ఆర్కాటు నవాబు తంజావూరును పట్టుకొనెను. 1781లో హైదరాలి సేనలు ఆ సీమను దోచి పాడుచేసెను. పంటకాలువలు చెడి, పశువులు పోయి, జనులు ఊళ్లు విడిచి పరువెత్తిన దినములవి. అట్టి దినములు చూచిన తరమువారే ఈ నాటకములను ఆడిరి, చూచిరి.

ఆ నాటకము ఎట్లారంభమగునో చూడుడు. మొదట వచ్చువాడు దేవుడు గాడు, రాజు గాడు, కోణంగి. పొడవైన కుచ్చుటోపీ ధరించి, వింత గంతులు వేయుచు వచ్చి, సభవారిని నవ్వించి, సద్దు మణచి నాటకము చూడుడని హెచ్చరించును. ఆ తరువాతనే విఘ్నేశ్వరుని ప్రవేశము. కోణంగి యను మాట తెలుగువారికి క్రొత్తది గాదు. విదూషకునకు అది మన వాడుకపేరు. పగలెల్ల పొలములలో నలిగినవాడును, ఇరుగుపొరుగుతో తగవాడి వచ్చినవాడును అప్పటివఱకు వేర్వేరుగా గూర్చున్నారు. కోణంగి తొలియడుగుతో వారందఱు ఒక్క సభయగుదురు. అటుపిమ్మటనే వారు హిరణ్యకశిపుని క్రౌర్యమును, లీలావతి తల్లిబాధను, ప్రహ్లాదుని ధైర్యమును కలసి అనుభవింపగలరు. నృసింహజయంతినాడు ఆడు ప్రహ్లాద చరిత్రమున తెల్లవాఱుజామున, పూజలందుకొను నరసింహుని మోము ధరించిన నటుడు ఆవేశమున నూగిపోగా ఇతరులు ఆతని పట్టి నిలుపుదురు. భయము పరాకాష్ఠ నందిన ఆ ఘడియకు ప్రేక్షకుని సిద్ధపఱచినది రాత్రి తొలిజామున నవ్విన నవ్వే. నవ్వుతో తెఱచుకొన్న మనసే కన్నీటికిని తెఱచుకొనును. మన పూర్వులు ఈ క్రమమును గ్రంథములలో వివరింపలేదు. రంగస్థలమున నడిపి చూపిరి.

త్యాగరాజస్వామి నౌకాచరిత్రమునను ఈ మర్మమే కలదు. గర్వించిన గోపికల పడవకు చిల్లి పడగా, వారి చీరలతోనే దానిని పూడ్పుడని కృష్ణుడు చెప్పును. నవ్వు వచ్చును, ఆ నవ్వుతో పాటు గర్వము పోవును.

ఇరువదవ శతాబ్ది తొలిదశాబ్దములలో ఈ మేళములు క్షీణించినవి. ఇ. కృష్ణయ్యరు వంటి కళాభిమానుల ప్రోత్సాహముతో 1930ల తరువాత మెలట్టూరున మరల చిగిర్చినవి. నేటికిని అచ్చట నరసింహజయంతి దినములలో తెలుగు దరువులు వినవచ్చుచున్నవి. ఇది మనకు గర్వకారణము. ఐనను, తెలుగు బోధించువాడనగుటచే నాకొక శంక గలదు. దానికి మూలమైన స్వానుభవమును విన్నవించెదను.

2020లో కరోనా మహమ్మారి వచ్చి బడులు మూతపడినవి. 2021లో మరల తెఱచినపుడు మా తరగతిలో మాటలు లేవు. కొందఱి యిండ్లలో మరణములు సంభవించినవి. తండ్రిని గోల్పోయిన యొక బాలుడు వారములకొలది నోరు విప్పలేదు. వానిని ఓదార్చుటకు నాకు మాటలు చాలలేదు. కడకు పాఠము ప్రక్కనబెట్టి, ఉత్తరకుమారుని కథను నాటికగా నాడుదమంటిని. తిక్కన పద్యములు వారికి అందవు గనుక, మీ ఇంటి తెలుగులోనే మాటలు కట్టుకొని రండని చెప్పితిని. ఆ బాలుడు తానే ఉత్తరుడ నగుదుననెను. మఱునాడు కౌరవసేనను జూచినట్లు కన్నులు పెద్దవిచేసి, “వద్దప్పా, ఈ దినము కడుపు నొప్పిగా ఉండాది, రేపు కొట్లాడుతా” అనెను. తరగతి ఘొల్లుమన్నది. వాడును నవ్వెను. ఆ మాట ఎవరు చెప్పిరని యడుగగా, “మా అవ్వ” యనెను. కొడుకును పోగొట్టుకొన్న ఆ వృద్ధురాలు మనుమనితో గూర్చుండి ఆ మాట కల్పించినది. ఆతని దుఃఖము తీరినదని నేను చెప్పను. ఆ వారము నుండి తండ్రిని గూర్చి మాటాడసాగెను. అది మాత్రము చెప్పగలను.

అదే దినమున మఱియొకటి గమనించితిని. ముగ్గురు నలుగురు పిల్లలు తక్కినవారితో నవ్వలేదు. ప్రక్కవాడు తమిళమున వివరించిన పిదప చిఱునవ్వు నవ్విరి. వారును తెలుగిండ్ల పిల్లలే. భాష పోవుటలో మొదట పోవునది హాస్యమని ఆనాడు నాకు తెలిసినది. కీర్తనను అర్థము తెలియకయే కంఠస్థము చేయవచ్చును. లిపి రానివాడు తన లిపిలో వ్రాసికొని దరువు పాడవచ్చును. పరిహాసమును అట్లు కంఠస్థము చేయుట పొసగదు. అర్థమైన క్షణముననే అది పుట్టును, వివరించినచో చచ్చును.

కావున మన సంఘములు పాటలను, పద్యములను భద్రపఱచుటతో తృప్తిపడరాదు. మన ఇండ్లలోని అవ్వల, తాతల సామెతలను, ఎత్తిపొడుపులను, పొడుపుకథలను వారి నోటనే పిల్లలు విని వ్రాసికొనునట్లు చేయవలెను. వార్షికోత్సవములలో నొక్క ఘడియయైనను ఇంటి తెలుగుతో నాడు హాస్యనాటికకు కేటాయింపవలెను. ఆ తెలుగు గ్రంథస్థమైనది గాదని సిగ్గుపడ నక్కఱలేదు. నాలుగువందల యేండ్ల క్రిందట ఇల్లు విడిచి వచ్చినవారు తమ వెంట తెచ్చుకొన్న మందు అది. నాటకమునకు ముందు కోణంగి రావలెనని పెద్దలు విధించిరి. మన పిల్లలు ఆతనిని జూచి నవ్వగలిగినంతకాలము తక్కిన నాటకమును సాగును.