వామనగుంటల పీట నుండి ఆటపెట్టె వరకు

ఆట కొయ్యను ఆశ్రయించుట మన దేశమున క్రొత్త విషయము కాదు. పామిడిముక్కల, గుడివాడ ప్రాంతముల పాత యిండ్లలో అటకపై వెదకినచో నేటికిని ఎచ్చటనో యొక వామనగుంటల పీట దొరకవచ్చును. రెండు వరుసలు, వరుసకు 7 చొప్పున 14 గుంటలు, గుప్పెడు చింతగింజలు లేక గవ్వలు: ఆటకు కావలసిన సామగ్రి యింతయే. వడ్రంగి ఉలితో ఆ గుంటలను తొలిచి యిచ్చెడివాడు. కొన్ని పీటలు చేప యాకారమున నుండెడివి. మరికొన్ని నడుమ మడతబందులు కలిగి, ఆట ముగిసిన పిమ్మట గింజలతోగూడ పెట్టెవలె మూసికొనెడివి.

ఈ యాటకు బంధువర్గము పెద్దది. తమిళులు పల్లాంకుళి యందురు. కన్నడిగులు అళిగుళి మణె యందురు. మలయా ద్వీపములలోను, ఆఫ్రికా ఖండమంతటను దీనికి వేరువేరు పేర్లు కలవు. నేలపై గుంటలు త్రవ్వుకొనియు నీ యాట నాడవచ్చును గదా, పీట యెందుకని యడుగవచ్చును. పీట ఆటను వీధిలోనుండి వసారాలోనికి తెచ్చినది. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చుండబెట్టినది. వానకాలపు మధ్యాహ్నమున అవ్వయు మనుమరాలును సమానస్కంధులుగా పోరాడుటకు తావిచ్చినది. ఆడు విధానము ఎంత ముఖ్యమో, ఆటను నిలుపు కొయ్యయు నంత ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

ఇరువదవ శతాబ్దమున ఆట మరియొక కొయ్యపెట్టెలో ప్రవేశించినది. ఆర్కేడ్ అను మాటకు మొదట కమానుల క్రింద అంగళ్లుండు బాట యని యర్థము. అట్టి తావులలో నాణెము వేసి ఆడు యంత్రములు వెలయుటచే ఆ పేరు ఆటశాలలకు వచ్చినది. 1971లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ యను అమెరికను ఇంజనీర్లు ‘కంప్యూటర్ స్పేస్’ అను యంత్రమును రూపొందించిరి. మరుసటి యేట, అనగా 1972లో, వారి సంస్థయగు అటారీలో అలన్ ఆల్కార్న్ అను యువకుడు ‘పాంగ్’ అను బంతియాటను నిర్మించెను. అంగడిలో కొన్న నలుపు తెలుపుల టెలివిజనును కొయ్యపెట్టెలో బిగించి, కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణమున నొక పానశాలలో దానిని నిలిపిరి. కొన్ని నాళ్లకే యంత్రము పని చేయుట లేదని కబురు వచ్చినది. విప్పి చూడగా నాణెముల డబ్బా పూర్తిగా నిండిపోయి యున్నది! పిదప 1978లో జపానునుండి ‘స్పేస్ ఇన్‌వేడర్స్’, 1980లో ‘ప్యాక్‌మాన్’ బయలువెడలి ప్రపంచమును చుట్టివచ్చినవి.

ఇచ్చట నొక భేదమును గమనింపవలెను. పీటకు నాణెముతో పని లేదు; ఆటశాలలోని పెట్టెకు నాణెమే ప్రాణము. క్రొత్తవాడు కొలది నిమిషములలో ఓడిపోవునట్లు, ఓడినవాడు మరల జేబు తడుముకొనునట్లు ఆ యాటలు కల్పింపబడినవి.

కాలక్రమమున ఇండ్లలోనే ఆడు యంత్రములు వచ్చుటచే ఆటశాలలు సన్నగిల్లినవి. పాత పెట్టెలు మూలబడినవి. 1997లో ఇటలీ దేశీయుడగు నికోలా సాల్మోరియా, ఆ పాత యంత్రముల నడకను సాధారణ కంప్యూటరుపై అనుకరించు ‘మేమ్’ అను ప్రోగ్రామును వెలువరించెను. 2012లో అరచేతిలో నిముడు ‘రాస్ప్‌బెర్రీ పై’ కంప్యూటరు చౌకగా లభింపసాగినది. దీనితో సెలవు దినములలో తమ యింటనే ఆటపెట్టెను నిర్మించుకొను వేడుక దేశదేశముల వ్యాపించినది. ఆటలపై హక్కులు వాని సొంతదారులకే చెందునని మాత్రము మరువరాదు.

ఈ పనిలో కంప్యూటరు పాలు స్వల్పము, వడ్రంగము పాలు అధికము. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకపై ప్రక్కబల్ల యాకారమును గీసి కోయవలెను. రెండవదానిని మరల కొలువక, మొదటిదానినే అచ్చుగా నుంచి కోసినచో రెండును సరిపోవును. లోపల బద్దెలు బిగించి అడ్డపలకలను వానికి మరలతో కూర్చవలెను. తెరను కొంచెము వెనుకకు వాల్చవలెను. మీటలుండు బల్ల, నిలిచి ఆడువారికి రమారమి 3 అడుగుల యెత్తున నుండవలెను. వెనుక పలకకు గాలి రంధ్రములు, విద్యుత్తునకు ఎర్తు తప్పనిసరి. మన డెల్టాలో మరి రెండు జాగ్రత్తలు కావలెను. తేమకు ప్లైవుడ్ అంచులు ఉబ్బును గనుక వానికి రంగుగాని బద్దెగాని వేసి మూయవలెను. బందరు, దివిసీమల ఉప్పుగాలికి ఇనుపమరలు తుప్పుపట్టును గనుక ఇత్తడివి వాడుట మేలు.

అతుకుల సందులను పూడ్చు విద్య మనవారికి తెలియనిది కాదు. కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కొయ్యతో అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపి చేసిన మక్కుతో అతుకుదురు. వామనగుంటలలో పందెమునకు నిలిచిన గింజయే బొమ్మకు చేయి నతికించుట చూడ ముచ్చట.

నేడు ఆట అరచేతిలోని ఫోనులోనికి చేరినది. ఒకే గదిలో నలుగురు పిల్లలున్నను నాలుగు ఆటలు, నాలుగు మౌనములు! ఇంట నిర్మించిన పెట్టెకు నాణెపు రంధ్రముండదు. రెండు మీటలు మాత్రముండును. ఓడిన బిడ్డ డబ్బుకై జేబు తడుముకొనడు. ప్రక్కవానికి వంతు నిచ్చి, వాని యాటను చూచుచు నిలుచును. నాలుగైదు ఆదివారములు బిడ్డచేత కొలతలు తీయించి, ఊరిలోని వడ్రంగిని ప్రక్కన నుంచుకొని ఈ పని సాగించినచో, ఆ బిడ్డకు ఆటతోపాటు చిత్రిక పట్టుటయు, మట్టము చూచుటయు తెలియును. ఆ పని నేర్పగల పెద్దవారు మన గ్రామములలో నానాటికి తగ్గిపోవుచున్నారు. ముందుగా అటకపైనున్న పీటను దింపి, దుమ్ము తుడిచి, పిల్లలకు చూపుడు. పని ఆరంభించుటకు అంతకంటె మంచి నమూనా వేరొకటి యక్కరలేదు.