బాటప్రక్కన పొద

రహదారి ప్రక్కన పెరిగిన పొదకు పూచీ ఎవరిది? నేల గలవానిదా, బాట గల ప్రభుత్వానిదా? చిన్న ప్రశ్నయే. కాని ఇంగ్లండు దేశమున దీనికి ఏడువందల ఏండ్ల చరిత్ర కలదు. శ్రోతలకు అందు రెండు మూడు ఘట్టములను మాత్రమే మనవి చేయుదుము.

పదమూడవ శతాబ్దమున ఆ దేశపు వర్తకులు సరకులతో సంతలకు పోవునపుడు గోతులకన్న గుబురులకే ఎక్కువ భయపడెడివారు. పొదల మాటున దొంగలు పొంచియుండెడివారు. దోపిడి జరిగిన పిమ్మట ఊరివారు దొంగల పేరు చెప్పుటకు వెనుదీయుచుండిరి. ఈ స్థితి చూచి మొదటి ఎడ్వర్డు రాజు 1285లో వించెస్టరు శాసనమును చేసెను. అంగడి గల ఒక పట్టణమునుండి మరియొకదానికి పోవు బాటకు ఇరుప్రక్కల ఇన్నూరేసి అడుగుల మేర, మనిషి నక్కుటకు వీలైన పొదగాని గుంటగాని ఉండరాదని అందొక విధి. క్రింద శుభ్రముగా ఉన్నచో ఓక్ చెట్లను, మహావృక్షములను కొట్టనక్కరలేదు.

ఇన్నూరు అడుగులే ఎందుకనగా, దొంగ పరుగెత్తివచ్చులోపల బాటసారి గుఱ్ఱమును అదలించుటకు వ్యవధి చిక్కుననియే కాబోలునని మాకు తోచుచున్నది. నేటి మోటారు నడపువానికి కావలసినదియు అట్టి వ్యవధియే కదా!

శాసనపు అసలు పదును తరువాతి మాటలో ఉన్నది. నేలదొర పొదలు కొట్టించక, ఆ కారణమున అచ్చట దోపిడి జరిగినచో ఆ నేరమునకు దొరయే జవాబు చెప్పవలెను. హత్య జరిగినచో రాజు చిత్తము వచ్చినంత జరిమానా చెల్లించవలెను. కొట్టించు స్తోమతు లేని దొరకు ఆ ప్రాంతమువారు తోడ్పడవలెను. రాజుగారి సొంత నేలలు, అడవులు సైతము ఈ విధికి లోబడినవే.

1835 నాటి రహదారుల చట్టమునకు వచ్చునప్పటికి భయము మారినది. చెట్లనీడ వలన ఎండయు గాలియు సోకక బాట చెడిపోవునను చింత వచ్చినది. అట్టి కొమ్మలను నరుకుమని మేజిస్ట్రేట్లు సొంతదారుని ఆజ్ఞాపింపవచ్చును. ఇది బురద కాలపు చట్టము.

మోటారు కాలమున మరల చూపు ముఖ్యమైనది. 1980 నాటి చట్టము ప్రకారము, వాహనము నడపువారి చూపునకు అడ్డమగు కంచెనుగాని చెట్టునుగాని 14 దినములలో కత్తిరింపుమని అధికారులు సొంతదారునకు నోటీసు ఈయవచ్చును. అతడు ఉపేక్షించినచో తామే కత్తిరించి ఖర్చు రాబట్టుకొనవచ్చును.

అధికారులే ఉపేక్షించినచో? నార్‌ఫోక్ ప్రాంతపు వైమండమ్ పట్టణమున ఒక కూడలివద్ద రైల్వేవారి నేలలోని గట్టు వాహనములవారి చూపునకు అడ్డముగా ఉండెను. ఇది పొద కాదు, మట్టి. అయినను చిక్కు ఒకటియే. అచ్చట ప్రమాదములు జరిగిన సంగతి కౌంటీ కౌన్సిలువారు ఎరుగుదురు. తమ ఖర్చుతోనే గట్టు తొలగింతుమని 1988 ఆరంభమున రైల్వేకు జాబు వ్రాసిరి. బదులు రాలేదు, కౌన్సిలువారు మరల అడుగలేదు. ఆ డిసెంబరులోనే అచ్చట కారు తగిలి మోటారు సైకిలువాడొకడు తీవ్రముగా గాయపడెను.

వ్యాజ్యము ప్రభువుల సభదాక పోయినది. కౌన్సిలుకు బాధ్యత లేదని 1996లో తీర్పు వచ్చినది. రాజు తన అడవినైనను మినహాయించుకొనని నాటి శాసనము మాకు ఇచ్చట గుర్తువచ్చినది. అయితే ఆ తీర్పు ఏకగ్రీవము కాదు. ఐదుగురు న్యాయమూర్తులలో ముగ్గురిది ఆ మాట. అపాయము తెలిసియు, తొలగించు అధికారము ఉండియు ఊరకుండినందున కౌన్సిలు పరిహారము ఈయవలసినదేయని మిగిలిన ఇద్దరి మతము.