ఫ్రెంచివ్యాకరణచరిత్రము: వ్రాఁతకును బలుకునకును గల వివాదము

క్రొత్తగా నొకభాషను నేర్చువానికి భయము రెండువిధములఁ గలుగును. వ్రాసినదానిని బలుక లేకపోవుట యొకటి. పలికినదానిని వ్రాయ లేకపోవుట రెండవది. సంస్కృతమును జదివినవానికి నీభయ మంతగాఁ దెలియదు. అందు లిపి వర్ణము ననుసరించును. ఫ్రెంచిభాషయం దట్లు గాదు. పదాంతవ్యంజనములు పెక్కులు వ్రాయఁబడును గాని పలుకఁబడవు. యానాము 1954 వఱకు ఫ్రెంచివారి పాలనమున నుండుటచే నీభాష యాంధ్రదేశమునకు బొత్తిగాఁ గ్రొత్తది కాదు. అయినను దాని వ్రాఁత యేల యట్లు నిలిచెనో విచారింపనివానికి నది యొక చిక్కుముడివలెనే తోఁచును. చరిత్రము తెలిసినచో ముడి సగము వీడును.

విశేష మేమనఁగా, ఫ్రెంచిభాషకుఁ దొలుత వెలసిన పెద్దవ్యాకరణము పరదేశీయులకొఱకే పుట్టినది. ఇంగ్లండుదేశీయుఁడగు జాన్ పాల్స్‌గ్రేవ్ దానిని 1530లో నింగ్లీషున రచించి ప్రకటించెను. ఆయన యెనిమిదవ హెన్రీసోదరి యగు మేరీకి గురువు. ఆమె 1514లో ఫ్రెంచిరాణి యయ్యెను. 1531లో జాక్ ద్యుబువా యను వైద్యుఁడు పారిసున లాటినుభాషలో వేఱొక వ్యాకరణమును వెలువరించెను. 1539లో మొదటి ఫ్రాంస్వా రాజు, న్యాయపత్రములు లాటినున గాక ఫ్రెంచిలోనే యుండవలయునని విల్లేర్-కొత్తరే శాసనము చేసెను. భాష కధికారము వచ్చినతోడనే దాని నెట్లు వ్రాయవలయు నను ప్రశ్న తలయెత్తెను.

1550లో లూయీ మెగ్రే ఫ్రెంచివ్యాకరణమును ఫ్రెంచిలోనే వ్రాసెను. అట్లు చేసినవారిలో నాతఁడే ప్రథముఁడు. అక్షరము ధ్వనికి దాసి యనియు, పలుకనిదానిని వ్రాయరాదనియు నాతని సిద్ధాంతము. తనగ్రంథమును గూడ నాలిపిలోనే యచ్చొత్తించెను. ప్రతిపక్షులు, లాటినుమూలమును జూపు నక్షరములు పలుకఁబడకున్నను నిలువవలయు ననిరి. ‘కాలము’ అను నర్థముగల ‘తాఁ’ పదమున మూఁగపకారము ‘తెంపుస్’ అను లాటినుపదమునకు గుఱుతు. మఱియు నొకచిక్కు గలదు. ధ్వని ననుసరించి వ్రాయుద మన్నవారిలోనే యెవరి ధ్వని ననుసరింపవలయు ననుటయందు భేదము పుట్టెను. మెగ్రే లియోనువాఁడు, ఆతనితో వాదించిన పెల్తియే ల మాఁ పట్టణమువాఁడు. ఇరువురి యచ్చులు నేకరీతిగా లేవు. 1557లో ముద్రాపకుఁడగు రొబేర్ ఎతియెన్ మెగ్రేవిషయమును దన వ్యాకరణమునఁ జాల గ్రహించియు, లిపిని మాత్రము వాడుక చొప్పుననే యుంచెను.

పిదప ప్రమాణ మెవ్వ రను విచారము వచ్చెను. 1647లో వోజ్లా తన పరిశీలనములందు వాడుకయే ప్రభు వనియు, రాజాస్థానమునందలి మేలైనవారి పలుకును, మంచి గ్రంథకర్తల ప్రయోగమును గలసిన చోటే సాధుత్వ మనియుఁ దీర్మానించెను. ఇది పతంజలి చెప్పిన శిష్టప్రమాణమును స్మరింపఁజేయును. కాని పతంజలి శిష్టుని లోభరాహిత్యాది గుణములచే గుర్తించెను; వోజ్లా శిష్టుఁడు కొలువుకూటపు సాన్నిధ్యముచే గుర్తింపఁబడెను. 1635లో స్థాపితమైన ఫ్రెంచి యకాడమీ 1694లో నిఘంటువును బ్రకటించెను. దానికి లేఖననియమములు కూర్చిన మెజరే 1673లోనే, ప్రాచీనలేఖనము విద్వాంసులను నజ్ఞులనుండియు సామాన్యస్త్రీలనుండియు వేఱుపఱచును గావున నదియే గ్రాహ్యమని చెప్పెను. వ్యుత్పత్తిరక్షణ మొకహేతువు, మనుష్యుల నావల నిలుపుట మఱియొక హేతువు. రెండవది శాస్త్రము గాదు. ఆయకాడమీయే 1740లో ననేకపదములనుండి మూఁగసకారమును దీసివేసెను. 1835లో ‘అ’వర్ణమువలెఁ గాక ‘ఎ’వర్ణమువలెఁ బలుకఁబడు పెక్కుచోట్ల వ్రాఁతను బలుకుదరికిఁ జేర్చెను.

పాణినీయమును జదివినవానికి ఫ్రెంచియుచ్చారణము దుర్గమము గాదు. నాలుకను ఇకారస్థానమున నుంచి, పెదవులను ఉకారమునకువలె ముడిచినచో నాంధ్రులకుఁ గష్టమను నచ్చు సిద్ధించును. అనునాసికాచ్చులు ముఖనాసికలచేఁ బలుకఁబడునవియే. బహువచనమును దెలుపు ‘లే’ యను పదముతుది సకారము విడిగా వినఁబడదు. అచ్చు పరమగునపుడు ఘోషధ్వనియై మేలుకొని, ‘లే’, ‘ఆమీ’ కలసి ‘లే జామీ’ (మిత్రులు) అగును. ‘వీరులు’ అను నర్థముగల ‘ఎరో’ పరమగుచో నీసంధి నిషిద్ధము. చేసినచో ‘లే జెరో’ యై వీరులు సున్న లగుదురు. తెలుఁగున ‘కరకుటమ్ము’ అనుచోట టుగాగమము వచ్చునట్లు, ‘ఆ’ యను క్రియకును ‘ఈల్’ అను సర్వనామమునకును నడుమఁ దకారము చేరి ‘ఆ తీల్’ అగును. తకారాంతములగు నితరక్రియల సాదృశ్యముచేఁ బుట్టిన యాగమ మిది.

1794లో గ్రెగ్వార్ సమర్పించిన నివేదికనుబట్టి, ఫ్రెంచిప్రజలలోఁ గనీసము 60 లక్షలమంది జాతీయభాష నెఱుఁగరు. శుద్ధముగాఁ బలుకువారు 30 లక్షలకు మించరు. పందొమ్మిదవశతాబ్దిలో బడులు పెరిగినకొలఁది లేఖననియమములే వ్యాకరణ మనిపించుకొనెను. 1823లో వెలువడిన నొయెల్, షప్సాలుల పుస్తక మట్టిపాఠములకుఁ బ్రసిద్ధము. కర్మపదము ముందున్నచోఁ గృదంతము దాని లింగవచనముల ననుసరించును: ‘ఎక్రీ’ స్త్రీలింగమున ‘ఎక్రీత్’ అగును. 1538లోఁ గవి మారో, ఇటలీభాషను జూపి, సమర్థించిన నియమ మిది. అయినను బెక్కుకృదంతములలో నీభేదము కంటికే గాని చెవికిఁ దెలియదు. 1857లో రచయిత మెరిమే చదివి వ్రాయించిన గద్యమున మూఁడవ నెపోలియను 75 తప్పులు చేయఁగా, ఆస్ట్రియాదేశీయుఁడగు మెటర్నికు 3 మాత్రమే చేసె నను కథ ప్రసిద్ధము. లెక్క యెట్లున్నను గథాభావము స్పష్టము: లేఖనము జన్మచే రాదు, అభ్యాసముచే వచ్చును.

అకాడమీ 1635లోఁ జేసిన వాగ్దానము ననుసరించి తన వ్యాకరణమును 1932లోఁ గాని ప్రకటింపలేదు. భాషాశాస్త్రవేత్త బ్రునో యందలి దోషములను వెంటనే చూపెను. 1990లోఁ గొన్ని లేఖనసవరణములు ప్రకటింపఁబడినవి. అందుఁ బ్రాఁతరూపమును గ్రొత్తరూపమును రెండును దోషములు గావు. తీర్పరులకే మూఁడుశతాబ్దులు పట్టినచోట విద్యార్థి తడఁబాటు సిగ్గుపడఁదగినది గాదు. మూఁగయక్షరము పూర్వపుఁబలుకునకో, పండితనిర్ణయమునకో సాక్షి యని తెలిసికొని, చెవితోఁ బలుకును, కంటితో వ్రాఁతను వేర్వేఱుగ నభ్యసించినవాఁడు ధైర్యముగ ముందునకు సాగును. వ్యాకరణము గుమ్మమునకుఁ దాళపుఁజెవి. దానిని గడియగా వాడినది మనుష్యుల దోషమే గాని శాస్త్రదోషము గాదు.