పరమాణువుల లెక్క - పలు గణకముల పొత్తు

పదార్థములలోని పరమాణువుల నడకను గణకయంత్రముచే కనుగొను విద్యకు హైదరాబాదుతో సంబంధము కలదని మనలో పెక్కురు ఎరుగరు. 1927లో ఆ నగరమున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించిన అనీసుర్ రహమాన్‌గారు, అమెరికాలోని ఆర్గాన్ పరిశోధనాలయమున సీడీసీ 3600 యంత్రముపై ద్రవ ఆర్గానులోని 864 పరమాణువుల గమనమును గణించి 1964లో ప్రకటించిరి. (పరిశోధనాలయమునకును మూలకమునకును తెలుగు లిపిలో ఒక్కటే పేరగుట కాకతాళీయము.)

అప్పటికి ఒక్క యంత్రము చాలెను. కోట్ల పరమాణువులు కావలసినపుడు పనిని పలు గణకములకు పంచవలసివచ్చెను. పంచుటయే చిక్కు. పదిమందిని పెట్టినంతనే పని పదింతలు సాగదు గదా! 1967లో జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదము ననుసరించి, పనిలో నూటికి 5 పాళ్ళు పంచ వీలులేనిదైనచో, ఎన్ని గణకములు చేర్చినను వేగము 20 రెట్లు మించదు.

మన పద్మశాలీలు తరతరములుగా కాపురమున్న పూనాలో సీడాక్ సంస్థ 1991లో పరమ్ 8000 అను సమాంతర గణకమును నిర్మించెను.

1995లో స్టీవ్ ప్లింప్టన్ మూడు పంపకములను పోల్చి చూపెను: పరమాణువులను పంచుట, వాని నడుమ బలములను పంచుట, స్థలమునే గడులుగా పంచుట. కడపటి పద్ధతిలో ప్రతి గణకమును పొరుగు గడులతో, అదియు సరిహద్దు పరమాణువుల గూర్చి మాత్రమే, సంప్రదించిన చాలును. బలములు దగ్గరి పరమాణువుల నడుమనే పనిచేయు పెద్ద లెక్కలకు ఇదియే మేలు. అయితే పదార్థము ఒకచోట గుమిగూడి వేరొకచోట పలుచనైనచో, ఒక గణకము శ్రమించుచుండ తక్కినవి ఊరక వేచియుండును. అందుచే గడుల ఎల్లలను జరుపుదురు. ఆ జరుపుటకును కాలము పట్టును గనుక, ఎన్ని అడుగుల కొకసారి జరుపవలెనో లెక్కను బట్టి నిర్ణయించుకొనవలయును.