పటాలం ఎవరికి పరాయి?

కీసరగుట్ట చుట్టుపక్కల ఊళ్లలో, ఘట్‌కేసర్‌లో, ఉప్పల్‌లో బాగా పెద్దవయసు వాళ్లను ఏ యేడు పుట్టారని అడిగితే అంకె చెప్పేవాళ్లు తక్కువ. "పోలీసు యాక్షన్ అయినప్పుడు నేను ఇంత పిల్లను" అంటూ చేతిని నడుమెత్తున పెట్టి చూపిస్తారు. విమోచనం, విలీనం, విద్రోహం అన్న మాటలు సభల్లో పుట్టినవి. ఇళ్లలో నిలిచిన పేరు మాత్రం పోలీసు యాక్షనే. ఆ పేరు పెట్టింది ఢిల్లీ ప్రభుత్వం. యుద్ధమంటే హైదరాబాదు వేరే దేశమని ఒప్పుకున్నట్టవుతుంది కనుక, 1948 సెప్టెంబర్‌లో ట్యాంకులతో, విమానాలతో జరిగిన సైనిక చర్యకు పోలీసుల పేరు పెట్టారు. వచ్చిన పటాలం మనదా, పరాయిదా అన్న పేచీ ఆ పేరులోనే ఉంది. ఇక్కడి జనం దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేదు. ఒక్క రోజులో కూడా చెప్పలేదు.

ఈ నేలకు పటాలాలు కొత్త కాదు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు గోల్కొండను ముట్టడించి, లోపలివాడే తలుపు తీస్తే కోటలో అడుగుపెట్టింది. 1798లో ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం కుదిరాక నిజాం కొలువులోని ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు, కంపెనీ సైన్యం వచ్చి దిగింది. సికింద్రాబాద్ కంటోన్మెంటు అలా పెరిగినదే. ఆ రెండుసార్లూ జనాన్ని అడిగినవాడు లేడు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని కూడగట్టుకుని కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. పరాయి పటాలానికి ఈ నగర ప్రజలు ఇచ్చిన తొలి పెద్ద జవాబు అదే. నిజాం కొలువు అప్పుడు జనం పక్కన నిలబడలేదు, ఇంగ్లీషు వాళ్ల పక్కన నిలబడింది.

1948 నాటికి లెక్కలు తారుమారయ్యాయి. మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911 నుంచి గద్దె మీద ఉన్నాడు. కోటీ అరవై లక్షల జనంలో నూటికి ఎనభై మందికి పైగా హిందువులైనా పాలనలో వాళ్ల మాటకు చోటు లేదు. ఊళ్లలో దేశ్‌ముఖుల వెట్టి, జాగీర్దార్ల వసూళ్లు సాగుతున్నాయి. హైదరాబాదు చుట్టూ ఉన్న ఊళ్లలో చాలా భాగం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖజానాకు రాబడి చేరే భూములు. మిగిలినవాటిలో ఎక్కువ పాయిగాలవి, జాగీర్లవి. 1947 నవంబర్ 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం కుదిరినా నిజాం పక్షాన ఆయుధం పట్టిన, ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఊళ్ల మీద పడటం ఆగలేదు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో పదుల మందిని చంపారు. అదే నెలలో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నగరంలో నరికి చంపారు. భారత్‌లో కలవాలని రాసినందుకు ప్రాణమిచ్చిన ఈ ముస్లిం యువకుడి పేరు, రజాకార్ల కథను మతాల కథగా మాత్రమే చెప్పేవాళ్ల నోట తరచుగా జారిపోతుంది.

సెప్టెంబర్ 13 తెల్లవారుజామున ప్రధాన సైన్యం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి కింద షోలాపూర్ వైపు నుంచి కదిలింది. మన తూర్పు దిక్కున మేజర్ జనరల్ రుద్ర దళం విజయవాడ నుంచి కోదాడ మీదుగా వచ్చింది. సూర్యాపేట దాటాక పారిపోతున్న నిజాం సైన్యం మూసీ వంతెనను పేల్చింది. కానీ దానికి కాపలా పెట్టలేదు. ఇండియన్ యూనియన్ సైనికులు త్వరగానే బాగుచేసుకుని నార్కట్‌పల్లి, చిట్యాల వరకూ వచ్చేశారు. 17 సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడి కాల్పులు ఆపమన్నాడు. జైల్లో ఉన్న స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను వదిలారు. మరునాడు నిజాం సైన్యాధిపతి జనరల్ ఇద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. ఐదు రోజుల్లో అంతా ముగిసింది.

మొదటి జవాబు పూలదండలే. సికింద్రాబాద్ వీధుల్లో జనం మూడు రంగుల జెండాలతో ఎదురొచ్చారు. ఆ సంతోషాన్ని తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు. రాత్రిళ్లు ఊరి బురుజు మీద ఒడిసెల రాళ్లతో కాపలా కాసిన మనుషులకు మళ్లీ నిద్ర దొరికిన రోజులవి. వాళ్లకు యూనియన్ పటాలం పరాయిది కాదు. నిజాం ప్రభుత్వం మాత్రం పరాయి దేశం దండెత్తుతానని బెదిరిస్తోందని ఐక్యరాజ్యసమితికి ఆగస్టులోనే ఫిర్యాదు చేసింది. దాన్ని సెప్టెంబర్ 22న నిజామే వెనక్కు తీసుకోవాల్సి వచ్చింది.

అదే వారంలో మరో జవాబు కూడా వచ్చింది. దాన్ని చాలాకాలం ఎవరూ పైకి చెప్పలేదు. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో, రజాకార్ల పాపానికి రజాకారు కాని ముస్లింలు బలయ్యారు. కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం నవంబర్, డిసెంబర్ నెలల్లో ఊరూరా తిరిగి 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. కొన్నిచోట్ల సైనికులే దోపిడీని ఎగదోశారని రాసింది. తోటి ముస్లిం నేతగాళ్లను కాపాడటానికి హిందూ నేతగాళ్లు తమ ప్రాణాలొడ్డి అడ్డు నిలిచారనీ రాసింది. నా దృష్టిలో ఆ నివేదికలో అన్నిటికన్నా బరువైన వాక్యం అదే. తెలంగాణ జిల్లాల్లో ఇంత మారణకాండ జరగలేదు. ఏళ్లుగా హిందువులూ ముస్లింలూ కమ్యూనిస్టులు నడిపిన ఒకే సంఘంలో చేరి దొర మీద కొట్లాడటం దానికి ఒక కారణమని నా నమ్మకం. అయితే నిజాం సైన్యం రద్దయి, జాగీర్లు పోయి, వాటిని నమ్ముకున్న జవాన్లు, గుమాస్తాలు, నౌకర్లు ఒక్క ఏడాదిలో కూలిపోయారు. ఆ పాతనగరపు దిగులును నెల్లూరి కేశవస్వామి 'యుగాంతం' కథలో పట్టుకున్నాడు.

మూడో జవాబు రావడానికి కొన్ని వారాలు పట్టింది. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య లెక్క ప్రకారం సాయుధ పోరాటంలో నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో మూడు వేల గ్రామాల్లో సంఘం రాజ్యం నడిచింది, పది లక్షల ఎకరాలు పేదల చేతికి వచ్చాయి. అప్పుడు పట్నం పారిపోయిన దొరలు పటాలం వెనకే తిరిగొచ్చారు. నిన్న రూమీ టోపీ పెట్టుకున్న తల మీద ఇవాళ గాంధీ టోపీ వచ్చింది. దున్నుతున్న చెలకను వదలమన్నారు. మొన్న సైన్యానికి దండ వేసిన రైతుకే ఇప్పుడు అడవిలోకి వెళ్లిన కొడుకు ఆచూకీ చెప్పమని క్యాంపులో దెబ్బలు పడ్డాయి. ఇక ఆయుధాలు దించాలన్నాడు మరో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి. పార్టీ నాయకత్వం ఒప్పుకోలేదు, 1951 అక్టోబర్ దాకా పోరు సాగింది. నాలుగు వేల మంది చనిపోయారని సుందరయ్య రాశాడు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో గాంధేయవాది వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇవ్వడం కూడా ఆ భూమి ప్రశ్నకు పుట్టిన జవాబే. కీసర నుంచి పోచంపల్లి ఎంతో దూరం లేదు.

మరి గద్దె మీది మనిషి? 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వ భూమిలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి, కానీ నిజాం 1950 జనవరి 26న రాజప్రముఖ్ అయ్యాడు. దించడానికి సైన్యం వచ్చిన వాడినే రాజ్యాధినేతగా కూర్చోబెట్టడం జనానికి మింగుడుపడలేదు. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డికి నల్లగొండ దేశంలోనే అందరికన్నా ఎక్కువ, నెహ్రూకు వచ్చినవాటిని కూడా మించిన ఓట్లు ఇచ్చింది. ఆ యేడే సెప్టెంబర్‌లో ముల్కీ ఉద్యమం లేచింది. కొత్త కొలువులన్నీ బయటి నుంచి వచ్చినవాళ్లకే పోతున్నాయని విద్యార్థులు వీధికెక్కితే సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. పరాయి అన్న మాట నాలుగేళ్లలో సైనికుడి మీది నుంచి గుమాస్తా మీదికి మారింది.

లోకంలో ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం పోల్‌పాట్‌ను తరిమి కంబోడియాను చావు నుంచి తప్పించింది. ఆ తేదీ అక్కడ కొందరికి విజయ దినం, కొందరికి పరాయి ఆక్రమణ మొదలైన రోజు. అదే యేడు ఏప్రిల్‌లో టాంజానియా సైన్యం కంపాలా చేరి ఇదీ అమీన్‌ను వెళ్లగొడితే జనం వీధుల్లో ఆడారు, తర్వాత దుకాణాలు దోచుకున్నారు. 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్‌లో సద్దాం విగ్రహం కూలినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో ఎందరో ఏడాది తిరగకుండానే అమెరికా సైన్యం వెళ్లిపోవాలన్నారు. నియంత పోవడం వేరు, వాడి తర్వాత భూమి, కొలువు, తుపాకి ఎవరి చేతికి పోతాయన్నది వేరు. జనం రెండింటికీ విడివిడిగా జవాబు చెబుతారు. మొదటిదాన్నే ఫొటో తీసి దాచుకోవడం పాలకుల అలవాటు. సుందర్‌లాల్ నివేదికను పరిశోధకులు ఢిల్లీలో తెరిచి చదువుకోగలిగింది 2013లో. అప్పటికి 65 ఏళ్లు గడిచాయి.

ఇవాళ ఉప్పల్‌లో, నాచారంలో ఉన్న కుటుంబాల్లో చాలా భాగం 1960ల తర్వాత పరిశోధనా సంస్థల కోసం, ఫ్యాక్టరీల కోసం వలస వచ్చినవి. పాత ఊళ్ల పాత ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా మిగిలాయి. నడుమెత్తు పిల్లలుగా ఆ పటాలాన్ని చూసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. మీ ఇంట్లో అలాంటి తాతో అవ్వో ఉంటే సెప్టెంబర్ వచ్చేదాకా ఆగకండి. సైన్యం వచ్చినప్పుడు సంతోషపడ్డారా అని మాత్రమే అడిగి వదిలేయకండి. ఆ యేడు మన చెలక ఎవరు దున్నారు, పక్కింటి సాయిబు కుటుంబం ఏమైంది, ఊరి దొర ఎప్పుడు తిరిగొచ్చాడు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి.